ఖాదర్ భాయ్ నమ్మిన లావు చాన్స్

ఖాదర్ భాయ్ ఇక లేడు.

నిన్న పొద్దున భద్రాచలంలో, వాళ్ల అమ్మాయి ఆయేషా ఉండే హాస్టల్ గేటు ముందు కారు ఆపాను. అప్పుడే నసీమా వదిన ఫోన్.

"తమ్మీ, మీ భాయ్ పోయిండు."

ఆ పిల్ల బ్యాగ్ పట్టుకుని మెట్లు దిగుతోంది.

నాకు ఏడుపు కంటే కోపమే ఎక్కువగా వస్తోంది. అందుకే రాస్తున్నాను.

ములకలపల్లిలో బోరు మోటారు కాలిపోతే అందరూ వెళ్లేది భాయ్ షాపుకే. అడవి ఊళ్ల రైతులతో మాట్లాడటానికి కోయ భాష కూడా నేర్చుకున్నాడు. ఎందుకంత కష్టం అని ఒకసారి అడిగాను.

"వాళ్ల మోటర్‌కు ఏమైందో వాళ్లకు సమజ్ గావాలె గదా తమ్మీ."

అలాంటి మనిషి లివర్ పాడై ఖమ్మంలో ఒక ప్రైవేట్ ఆస్పత్రిలో చేరాడు.

పోయిన వారం రౌండ్స్‌కి వచ్చినప్పుడు, ఈయన కోలుకుంటాడా అని నర్సు అడిగిందట. డ్యూటీ డాక్టర్ ఫోన్‌లోంచి తల ఎత్తకుండా "ఫ్యాట్ చాన్స్" అన్నాడట.

భాయ్ బెడ్ పక్కనే నిలబడి!

భాయ్‌కి ఫ్యాట్ అంటే లావు అని తెలుసు. అంతవరకే తెలుసు. వెంటనే ఆయేషాకి ఫోన్ చేశాడు. రావద్దు బేటా, పరీక్షలు రాసుకో, లావు చాన్స్ ఉందంట అని.

మొన్న సాయంత్రం చూడటానికి వెళ్తే నాకూ అదే చెప్పాడు. కళ్లు పచ్చగా ఉన్నాయి, మొహం నిండా నవ్వు.

"డాక్టర్ సాబే అన్నడు తమ్మీ, ఫ్యాట్ చాన్స్!"



హైదరాబాద్ కాల్ సెంటర్‌లో పనిచేసినప్పుడు రోజూ విన్న మాట అది. ఎవరైనా లీవ్ అడిగితే టీమ్ లీడర్ నవ్వుతూ అనేవాడు. 'ఇక వచ్చినట్టే' అని మనం వెక్కిరిస్తాం చూడండి, అదీ దాని అర్థం. ఆశ లేదని చెప్పడమే కాదు, ఆశ పడినందుకు ఎగతాళి చేయడం కూడా.

డాక్టర్‌ని వెతికి పట్టుకుని అడిగాను.

"అది సిస్టర్‌తో అన్నానండీ, పేషెంట్‌తో కాదు."

"ఆయన చెవులు మూస్కోని పండుకున్నడా సార్? ఇప్పుడొచ్చి తెలుగుల చెప్పుండ్రి!"

వచ్చాడు. "కష్టమండీ" అని ఒక్క మాట అని వెళ్లిపోయాడు.

 భాయ్ నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆయేషాను తీస్కరా తమ్మీ. జల్దీ."

తెల్లవారకముందే బయలుదేరాను.

అయినా అందలేదు.

తిరిగి వస్తూ కారులో జరిగిందంతా ఆ పిల్లకి చెప్పాను. కొత్తగూడెం దాటేదాకా కిటికీలోంచే చూస్తూ కూర్చుంది. అప్పుడు అంది.

"ఆ మాట నాకు తెల్సు అంకుల్. పప్పా ఇంగ్లీష్‌లనే చెప్తే ఆ రోజే బస్సెక్కేదాన్ని. నాకు తెలుగు చేసి చెప్పిండు."

డాక్టర్ గారూ, మనిషి బతకడని చెప్పడానికి మీకు తెలుగులో మాటే దొరకలేదా? మీ నోటి దురుసు వల్ల ఒక బిడ్డ తన తండ్రిని చివరిసారి చూసుకోలేకపోయింది.

పోయిరా భాయ్. ఆయేషాకి మేమున్నాం.

అల్లా నీకు ఏ నొప్పీ లేని నిద్రనివ్వాలి.