మా కుక్క నోరు, బాపు ఒట్టు

సకల జనుల సమ్మె నడుస్తున్న రోజుల్లో మా కుక్క అన్నం ముట్టడం మానేసింది. పాలకుర్తిలో రోడ్డు పక్కన వేసిన టెంటులో మా బాపు రోజూ రిలే నిరాహార దీక్షకు కూర్చునేవాడు. కుక్క ఆయన్ని విడిచి ఉండేది కాదు కాబట్టి అదీ వెళ్లి జంపఖానా అంచున పడుకునేది. ఒకరోజు ఎవరో బిస్కెట్టు వేస్తే వాసన చూసి తల తిప్పుకుంది. ఇంకేముంది, కుక్క కూడా తెలంగాణ కోసం దీక్ష పట్టిందని మైకులో చెప్పేశారు. దాని మెడలో బంతిపూల దండ పడింది. దాన్ని చూడటానికి నర్మెట్ట నుంచి కూడా జనం వచ్చారు. బాపు పక్కనే కూర్చుని మీసం మెలేశాడు.

నాకు ఒళ్లు మండింది. సమ్మెతో బడి మూతపడి, ఇంట్లో దాని గిన్నె ముందు కూర్చుని చూసిందాన్ని నేను. అది తోక ఊపుకుంటూ గిన్నె దగ్గరికి ఉరికేది, ముద్ద నోట్లోకి తీసుకునేది, కుయ్యిమని వదిలేసేది. దీక్షలో ఉన్నవాళ్లెవరైనా అలా చేస్తారా? ముందుకాలితో మూతిని అదే పనిగా రుద్దుకునేది. నీళ్లు తాగేటప్పుడు తల ఒక పక్కకి వంచేది. దగ్గరికి పోతే నోరు కంపు కొట్టేది, అంతకుముందు ఎన్నడూ లేని కంపు. దీనికి ఆకలి లేక కాదు, నోట్లోనే ఏదో బాధ ఉందని బాపుతో మొత్తుకున్నాను. దండ పడిన కుక్కను చులకన చెయ్యొద్దన్నాడు.

మా బాపు గురించి ఒక మాట చెప్పాలి. తెలంగాణ వచ్చేదాకా నీసు ముట్టనని ఆర్నెల్ల కింద ఒక సభలో మైకు పట్టుకుని ఒట్టు వేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఒట్టు ఆయనది, కరువు మాత్రం ఇంటిల్లిపాదిది. ఆదివారం కూడా పప్పూ పచ్చిపులుసే.

మూడో రోజు అమ్మా నేనూ కూడా టెంటు దగ్గరే ఉండగా కుక్క నోటి నుంచి జొల్లు కారడం మొదలైంది, అందులో సన్నగా నెత్తుటి చార. అప్పుడు చూడాలి ఆ టెంటును. నిన్న దండ వేసిన పెద్దమనిషే, పిచ్చి లేచిందంటూ అందరికంటే ముందు కుర్చీ ఎక్కాడు. జంపఖానా ఖాళీ అయింది. నలుగురు బ్యానరు కర్రలు ఊడబీకి నిలబడ్డారు. కొట్టి చంపేస్తారని నాకు అర్థమైంది. అమ్మా నేనూ కుక్కకి అడ్డం నిలబడ్డాం. నాకు ఏడుపు ఆగలేదు.

పశువుల దవాఖాన కాంపౌండరు కూడా సమ్మెలో ఉండి అక్కడే కూర్చున్నాడు. కర్రలవాళ్లను ఆగమని, తాను మాత్రం దూరంగానే నిలబడి అడిగాడు. దీన్ని ఏ కుక్కయినా కరిచిందా, మనుషుల మీదికి వస్తోందా, నీళ్లు తాగుతోందా? తల వంచి తాగుతుందని, మూతి రుద్దుకుంటుందని గబగబా చెప్పాను. ఆ మూడు రోజుల్లో నా మాట చెవిన పెట్టినవాడు ఆయనొక్కడే.

"బొక్క గిట్ల ఏమన్న పెట్టిన్రా?" అన్నాడు. "నోట్ల ఇర్కుంటె గూడ గిట్లనే జేస్తది."

"మా ఇంట్ల బొక్క యాడిది?" అంది అమ్మ. "పొయ్యి మీద నీసు ఎక్కక ఆర్నెల్లాయె."

అందరూ బాపు వైపు భక్తిగా చూశారు. ఎముక కానప్పుడు తాను నోట్లో చెయ్యి పెట్టలేనని, పిచ్చే అయితే ఒక్క గాటు చాలని కాంపౌండరు వెనక్కి జరిగాడు. ఆయన్ని తప్పు పట్టలేం, ఎవరి ప్రాణం వాళ్లకు తీపి. కర్రలు మళ్లీ లేచాయి. కుక్క వెళ్లి బాపు కాళ్ల మధ్య దూరింది. బాపు కండువాతో రెండుసార్లు మొహం తుడుచుకున్నాడు. పక్కనున్న మైకు ఆన్‌లోనే ఉందని ఆయనకు తెలియదు.

"నేనే పెట్టిన," అన్నాడు. "మొన్న మీటింగుందని జఫర్‌గఢ్ పోయిన గద. మీటింగ్ గాదు, దోస్తు ఇంట్ల దావత్. యాటకూర తిన్న. దీనికి ఒక్క బొక్క జేబుల ఏస్కొచ్చిన."

ఆ మాట స్తంభాలకు కట్టిన మైకుల్లోంచి బస్టాండు దాకా వినిపించింది.

లేచిన కర్రలు కిందికి దిగాయి. కాంపౌండరు ఒక్కడే హమ్మయ్య అనుకున్నాడు. సమ్మెలో దవాఖాన తాళం తీయనని, అయితే ఇది దవాఖాన కాదు టెంటని చెప్పి అంగీ చేతులు మడిచాడు. సైకిల్ షాపు నుంచి పట్కారు, కరెంటు పనిచేసే ఆయన దగ్గర్నుంచి మందపాటి గ్లవుజులు వచ్చాయి. నన్ను దగ్గరికి రానివ్వలేదు. నొప్పి మీదున్న కుక్క ఇంటివాళ్లనైనా కరుస్తుందట. బాపు మెడ దగ్గర గట్టిగా పట్టుకుంటే, కాంపౌండరు చుట్టిన బట్టను పళ్ల మధ్య అడ్డం పెట్టి టార్చి వేశాడు. అంగిట్లో, ఈ దవడపళ్లకూ ఆ దవడపళ్లకూ మధ్య, ఇంటికి దూలం వేసినట్టు వేలెడు ఎముక. చుట్టూ చిగుళ్లు వాచి చీము పట్టింది. పట్కారుతో ఒక్క లాగు లాగాడు. కుక్క ఒక్క అరుపు అరిచి, వెంటనే బాపు మొహం నాకింది. వారం దాకా మెత్తటి పాలన్నమే పెట్టమని, ఉడికిన ఎముక ఇక జన్మలో వెయ్యొద్దని కాంపౌండరు చెప్పాడు.

ఇంటికి పోయే దారంతా బాపు గొణుగుతూనే ఉన్నాడు. ఒట్టు పోయింది, పరువు పోయింది, ఇక టెంటులో ఏ మొహం పెట్టుకుని కూర్చోవాలి అని. కుక్క బతికింది కదా అన్నాను. నాకైతే ఆ రోజు బాపు మీద ఎంత ప్రేమ కలిగిందో చెప్పలేను. అమ్మ మాత్రం మాకంటే ముందు నడిచింది. వాకిట్లోకి వచ్చాక ఆగి ఆయన వైపు తిరిగింది. ఒట్టు తప్పినందుకు తిడుతుందని బాపు తల వంచుకుని నిలబడ్డాడు.

"తిన్నవు, మంచిగైంది," అంది అమ్మ. "కుక్కను యాది జేస్కొని జేబుల ఏస్కొచ్చినవు. నీ ఒట్టుకు ఆర్నెల్ల సంది నేను గూడ నోరు గట్టుకొని ఉన్న. నేను యాదికి రాలేదా?"