నడిచేవాళ్ళ వరుసలో

సూరత్‌లో చీరల డబ్బాల మీద నవ్వే ఆడవాళ్ళలో సగం మంది నర్సింగం చేతిలో పుట్టినవాళ్ళేనని లింబాయత్ బస్తీలోని తెలుగువాళ్ళు అనేవారు. సగం అన్నది ఎక్కువే గానీ, ఇరవై రెండేళ్ళుగా అతను చేసింది మాత్రం ఆ పనే. మొదట్లో కుంచెతో, తర్వాత కంప్యూటర్ మీద. కుచ్చిళ్ళు చెదరకూడదు, పెదవి విప్పీ విప్పనట్టుండాలి, వేళ్ళు పైటకొసను తేలిగ్గా పట్టుకోవాలి. సేఠ్‌లకు అదే కావాలి.

2020 మే నెలలో, లాక్‌డౌన్‌తో మగ్గాలు ఆగిపోయి నెలన్నర దాటాక, అతని భార్య పద్మారాణి, కూతురు రుచిత పాసు దొరికిన బస్సులో సిరిసిల్ల వెళ్ళారు. మగ్గాలు తిరగ్గానే వస్తామన్నారు. మగ్గాలు తిరిగాయి. రుచిత అక్కడి బడిలో చేరింది. పద్మారాణి పుట్టింటి పక్కన ఓ గది తీసుకుని, బట్టలు కుట్టే షెడ్డులో పనికి కుదిరింది. రానని ఆమె ఎన్నడూ అనలేదు. వస్తానని అనడం మానేసింది, అంతే. నర్సింగం కూడా గట్టిగా అడగలేదు. అడిగితే జవాబు వస్తుంది కదా అని భయం.

పని ఇంట్లోనే, బొమ్మలు పంపడం ఫోన్లోనే. సాయంత్రం భార్య ఫోన్ చేసి తిన్నావా అని అడిగేదాకా నోరు విప్పే అవసరం పడని రోజులు ఉండేవి. తిన్నానని చెప్పేవాడు, మీరు తిన్నారా అని అడిగేవాడు. అంతటితో ఫోన్ పెట్టేసేవారు.

2021 డిసెంబరులో కులసంఘం కార్యదర్శి రాజనర్సు వచ్చాడు. కరోనా రెండోసారి విరుచుకుపడ్డప్పుడు బస్తీలో సంపాదించే మనిషి పోయిన ఇళ్ళు చాలా ఉన్నాయి. ఆ పిల్లల చదువుకీ ముసలివాళ్ళ మందులకీ చందాలు పోగుచేసేందుకు జనవరిలో ఓ ఆదివారం సంఘం హాలు నుంచి ఉధ్నా దాకా అందరూ కలిసి నడవాలని అనుకున్నారు. దానికి పోస్టరు కావాలి. ఓ పక్క నడిచేవాళ్ళు, ఇంకో పక్క సాయం అందుకునేవాళ్ళు ఉండాలన్నాడు రాజనర్సు.

రెండు రోజుల్లో నర్సింగం గీసి చూపించాడు. రాజనర్సు చాలాసేపు చూశాడు.

"బొమ్మలు మంచిగున్నయే అన్నా. గానీ మనోళ్ళు గిట్లుంటరా? వీళ్ళు నడిచేటట్టు లేరు, పెండ్లికి పోయేటట్టున్నరు."

నర్సింగం మళ్ళీ గీశాడు. మళ్ళీ అవే నడుములు, అవే నవ్వులు. మనిషిని మనిషిలాగా చూసి ఎన్నాళ్ళయిందో అతనికే గుర్తు రాలేదు. మర్నాడు పొద్దున ఏడింటికి, షిఫ్టు మారే వేళకి, ఓ మగ్గాల షెడ్డు ఎదురుగా చాయ్ బండి బెంచీ మీద బొమ్మల పుస్తకం పట్టుకుని కూర్చున్నాడు. రాత్రి పాళీ దిగినవాళ్ళు జుట్టునిండా దారపు నూగుతో, నడుము మీద చెయ్యి వేసుకుని వస్తున్నారు. తిన్నగా నడిచేవాడు ఒక్కడూ లేడు. పెన్సిలు దానంతట అదే కదిలింది.

అతను అలా వెళ్ళి కూర్చున్న మూడు రోజులూ అక్కడ ఓ ముసలమ్మ కనిపించింది. లోపలికి వెళ్ళదు, ఎవరితోనూ మాట్లాడదు. గేటు దగ్గర నిలబడి, అందరూ బయటికి వచ్చాక తిరిగి వెళ్ళిపోతుంది. మూడోనాడు ఆమే దగ్గరికి వచ్చి ఏం గీస్తున్నావని అడిగింది. పేరు రాజమ్మ. ఆ షెడ్డులో మగ్గం నడిపిన ఆమె కొడుకు దశరథం ఏప్రిల్‌లో పోయాడు. ఈ వేళకి కొడుకు దిగి వచ్చేవాడనీ, ఇంట్లో ఉంటే కాళ్ళు ఆగవనీ చెప్పింది.

నర్సింగం ఆమె బొమ్మ ఉన్న పేజీ తిప్పి చూపించాడు.

"ఇంత వంగిపోయిన్నా?" అంది. తర్వాత, "నన్నెక్కడ పెడ్తవు బిడ్డా?" అని అడిగింది.

అబద్ధం చెప్పలేకపోయాడు. సాయం అందుకునేవాళ్ళ వైపు అనుకున్నానన్నాడు. రాజమ్మ పుస్తకం మూసి అతని చేతిలో పెట్టింది.

"నలభై ఏండ్లు కండెలు చుట్టిన. నా కొడుకు పోయిండని, చెయ్యి చాపినట్టు గోడల మీద పెడ్తవా? నడిచేటోళ్ళల్ల పెట్టు. నేను గూడ నడుస్త."

ఇంటికొచ్చి నర్సింగం పోస్టరులో రెండో సగం తీసేశాడు. అందరూ నడిచేవాళ్ళే, ముందు వరుసలో రాజమ్మ. రాజనర్సు దాతల ఫొటోలు పన్నెండు తెచ్చి, పైన పెద్దగా వేయమన్నాడు. మొఖం కనబడకపోతే ఎవరిస్తారని అతని వాదన. ఇరవై రెండేళ్ళలో పని ఇచ్చినవాళ్ళకు కాదని చెప్పని నర్సింగం ఆ రోజు కాదన్నాడు. గంటసేపు కొట్లాడుకున్నాక ఫొటోలు చిన్నవై అడుగుకు చేరాయి.

పోస్టర్లు గోడలకెక్కిన వారానికే కేసులు మళ్ళీ పెరిగాయి. గుంపులు కూడవద్దన్నారు. ఎవరి గల్లీలో వాళ్ళు నడిచి ఫొటో పంపమని రాజనర్సు అందరి ఫోన్లకీ కబురు పెట్టాడు. ఆదివారం పొద్దున నర్సింగం దుప్పటి కప్పుకుని పడుకుని ఉండగా ఒక సంగతి తట్టింది: రాజమ్మకు ఫోన్ లేదు. లేచి హాలు దగ్గరికి పరుగెత్తాడు.

తాళం వేసిన గేటు ముందు ఆమె ఒక్కతే ఉంది. ఉతికిన చీర, ముక్కు దాకా మాస్కు. సంగతి చెప్పాడు.

"అయితే వాపస్ పోవాల్నా?"

"నువ్వు నడుస్తనంటే నడుద్దాం పెద్దమ్మా."

ఇద్దరూ ఆరడుగుల ఎడంతో ఉధ్నా వైపు నడిచారు. దారిపొడుగునా ఆమె దశరథం గురించి చెప్పింది. వాడికి చేపలంటే పడదని, నిద్రలో మగ్గం శబ్దం చేసేవాడని. నర్సింగం ఎవరికీ చెప్పని మాట చెప్పాడు: భార్యా, కూతురూ ఇంక రారనుకుంటానని. వస్తారులే అని ఆమె ఓదార్చలేదు.

"నాకు అడుగుదామంటే మనిషి లేడు. నీకున్నది గదా. అడుగు."

ఆ మధ్యాహ్నం అడిగాడు. పద్మారాణి "సూరత్‌ల ఆ గదిల మూసుకొని ఉన్న దినాలు ఇంకా యాదికొస్తయి. నేను రాలేను. నువ్వే రారాదు?" అంది. సిరిసిల్లలో తన పనికి గిరాకీ లేదని ఇద్దరికీ తెలుసు. చూస్తానన్నాడు. ఫోన్ పెట్టేశాక భోంచేయబుద్ధి కాలేదు. కానీ ఏడాదిన్నరగా గుండెల్లో పెట్టుకు మోసిన భయం మాత్రం పోయింది, దాని చోటు ఖాళీగా ఉండిపోయింది.

చందాలు అనుకున్నంత రాకపోయినా రాజమ్మ మందులకి లోటు లేకుండా జరిగింది. ఆదివారాలు ఇద్దరూ నడుస్తూనే ఉన్నారు. హోలీ దాటాక భివండీ నుంచి కూతురొచ్చి ఆమెను తీసుకుపోయింది. ఏప్రిల్‌లో నర్సింగం సిరిసిల్ల వెళ్ళి పది రోజులుండి వచ్చాడు. రుచిత అతని భుజం దాటి ఎదిగింది.

మే నెలలో ఓ రోజు రాజమ్మ కూతురి ఫోన్లోంచి మాట్లాడింది. నడుస్తున్నావా అని అడిగింది. నడుస్తున్నానన్నాడు. అప్పటికి మూడు ఆదివారాలుగా గడప దాటలేదు. ఆమెతో అబద్ధమాడినందుకు సిగ్గేసి, ఆదివారం కాకపోయినా చెప్పులేసుకుని ఎండలోకి దిగాడు.