చెట్టెక్కిన గౌరవం

ముందు దగ్గు వినిపించింది. దారి మలుపు అవతల, పాప్లర్ చెట్ల వెనక, మనిషి నీడైనా ఇంకా పడని చోట. జలుబు దగ్గు కాదది. తాపీగా, గొంతు సవరించుకుంటూ, "వస్తున్నాను, తలగుడ్డలు సర్దుకోండి, టీ పెట్టండి" అని కోడళ్ళకి కబురు పెట్టే దగ్గు.

కంషాత్ నిచ్చెన మొదటి మెట్టు మీద పెట్టిన కాలు దించేసింది.

"వచ్చేశాడమ్మా నీ దీవెనల మామగారు," అంది స్నేహితురాలు దామెలి, బకెట్ బోర్లించి దాని మీద కూలబడుతూ. "ఇంక పని తెల్లారినట్టే."

ఆ ఊళ్ళో కోడలు పిల్ల అత్తింటి పెద్దల పేరు పెదవి మీదికి రానివ్వదు. బదులుగా తనే ఓ పేరు కట్టుకుని పిలుచుకుంటుంది. పెళ్ళయి వచ్చిన కొత్తలో భర్త బాబాయి ఒర్దబెక్‌కి కంషాత్ కట్టిన పేరు "దీవెనల మామగారు". వీధి వీధంతా ముసిముసిగా నవ్వింది. ఒర్దబెక్ మాత్రం దాన్ని పతకంలా గుండె మీద తగిలించుకున్నాడు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా దాన్ని తిప్పి వెనక వైపు చూసుకోలేదు.

తల్గర్ ఊరికి ఎగువన, కొండ వాలు మీద కంషాత్ తోట. అపోర్త్ రకం ఆపిల్ చెట్లు. రెండు పిడికిళ్ళంత కాయ. గదిలో ఒక్కటి పెడితే దుప్పట్లు కూడా ఆ వాసనతో నిద్రపోతాయి. కానీ తొడిమ మీద మమకారం లేని కాయ అది. కాస్త గట్టిగాలి వీస్తే చాలు, చెట్టుని వదిలేస్తుంది. నేల తాకి కమిలిందా, నేలమాళిగలో పక్కనున్న కాయల్ని కూడా కుళ్ళబెడుతుంది. కిందటేడు పంటని వడగళ్ళు తినేశాయి. వసంతంలో పట్నం నుంచి ఒకాయన వచ్చి, చెట్లు అడ్డం లేనట్టే వాటి మధ్యనుంచి చూస్తూ, ఇక్కడో మేడ, అక్కడో మేడ అని చేత్తో గాల్లో గీసి వెళ్ళాడు. కంషాత్ భర్త సెరింబెత్ నడుం పట్టేసిన మనిషి. "ఈ ఏడు పంట మాళిగకి చేరితే తోట ఉంటుంది. చేరకపోతే ఆయనకిచ్చేద్దాం. ఇంక నావల్ల కాదు," అనేశాడు. కంషాత్ ఆ మాట మీద ఏడవలేదు, అరవలేదు. కొండ నెత్తిన బూడిదరంగు మబ్బు గొంతుక్కూర్చున్న ఈ పొద్దున స్నేహితురాళ్ళని అసర్‌కి పిలిచింది. అసర్ అంటే కూలి ఉండదు. చేతిసాయం, కడుపు నిండా తిండి, మొదట్లో పెద్దవాళ్ళ దీవెన.

ఆ దీవెన దగ్గరే వచ్చింది చిక్కు.

అందరూ అరచేతులు చాచి నిలబడ్డారు. ఒర్దబెక్ కళ్ళు మూసుకున్నాడు. దేవుణ్ణి తలచుకున్నాడు, తాతల్ని తలచుకున్నాడు, తాతల గుర్రాల్ని తలచుకున్నాడు. నిచ్చెనకి బలాన్నీ, బకెట్లకి నిండుదనాన్నీ, పొరుగూరి తేనెటీగలకి సద్బుద్ధినీ ప్రసాదించమన్నాడు. ఆయన అమీన్ అని మొహం తుడుచుకునేదాకా ఎవరూ చేతులు దించడానికి లేదు.

"నా చేతుల్లో పిచ్చుకలు గూడు కట్టుకుంటాయేమో," అని గొణిగింది దామెలి.

"ఊరుకోవే, వింటాడు," అన్నాడు ఆమె మొగుడు ఎర్కిన్.

"ఆయన విన్నది ఎప్పుడు? చెప్పడమేగా."

ఎక్కడో వెనక వరసలో ఒక కాయ రాలింది. మెత్తగా, తడి మట్టి మీద. కంషాత్ ఛాతీలో ఎవరో పిడికిలితో తట్టినట్టయింది. ఒర్దబెక్ అప్పుడే గొర్రెల్ని దీవించడం మొదలుపెట్టాడు. ఆ తోటలో గొర్రెలు లేవు.

దీవెన అయ్యింది. టీ అయ్యింది. రెండో టీ కూడా అయ్యింది. ఆయన గేటు దగ్గర బోర్లించిన పెట్టె మీద గొర్రెతోలు పరిపించుకుని కూర్చున్నాడు. కంషాత్ ఊపిరి పీల్చుకుని నిచ్చెనెక్కింది. దగ్గు వినపడింది.

"ఏం కోడలా? మామ కింద కూర్చుంటే నువ్వు పైనా? నా నెత్తిన కాళ్ళు పెడతావా?"

"కాయలు పైనున్నాయి మామగారూ."

"కాయలకి సిగ్గు లేదు. నీకుండాలి. దిగు."

ఆ వీధి మగవాళ్ళంతా ఒకే వంశం కాబట్టి ఆ వీధి ఆడవాళ్ళంతా ఆయనకి కోడళ్ళే. వచ్చిన చేతులన్నీ నేల మీద ఆగిపోయాయి. చెట్టెక్కడానికి ఎర్కిన్ ఒక్కడే మిగిలాడు.

"మామగారూ, లోపల పొయ్యి వెచ్చగా ఉంది, నడుం వాల్చండి," అని దామెలి ఆశపడింది.

"దీవించినవాడు పని చివరిదాకా చూడాలి," అన్నాడు ఒర్దబెక్. పైకి తలెత్తి, "ఒరే ఎర్కిన్! లాగకు, అరచేత్తో ఎత్తి మెల్లిగా తిప్పు. అట్లా కాదురా, నీ చెయ్యి విరిగిపోనూ!"

"మీరోసారి తిప్పి చూపించండి బాబాయ్," అన్నాడు ఎర్కిన్ కొమ్మల్లోంచి.

"చూపించడానికి నేనెందుకు? చెబుతున్నా కదా."

నిజమే, ఆయన జీవితమంతా చెప్పాడు. తోటలు సర్కారువిగా ఉన్న రోజుల్లో బండ్లకి పెట్టెలెక్కించే చోట అజమాయిషీ ఆయనది. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడే పని. ఆ కాలం పోయి అంతా చెదిరిపోయినప్పుడు ఒకరు ఆవుని తోలుకుపోయారు, ఒకరు నీళ్ళ గొట్టాలు పీక్కుపోయారు. ఒర్దబెక్ ఆఫీసు కుర్చీ అడిగి తీసుకున్నాడు. దాన్ని బండి మీద ఊరేగించుకుంటూ ఇంటికి తెచ్చాడు. దాని మీద కూర్చుని కిటికీలోంచి వీధిని కనిపెట్టుకుని ఉంటాడు. భార్య టీలో పంచదార వేస్తుంది, కలుపుతుంది, చల్లార్చి చేతికిస్తుంది. "ఇంకొంచెం కలుపు" అనే పని ఆయనది. మనిషి చెడ్డవాడు కాడు. చావుకీ పెళ్ళికీ అందరికంటే ముందుంటాడు, పిల్లల నెత్తి నిమిరి జేబులోంచి మిఠాయి తీసిస్తాడు. చేతులతో ఆయన చేసే పని అదొక్కటే.

"మబ్బు కిందికి దిగుతోంది బాబాయ్," అన్నాడు సెరింబెత్ నడుం పట్టుకుని.

"నా మోకాలు చెప్పింది, ఈ వారం గాలి రాదు."

మోకాలు ఆ మాట అన్నదో లేదో, గాలి వచ్చింది. ముందు గడ్డిని దువ్వింది. తరవాత ఆకుల్ని వెండివైపు తిప్పింది. తరవాత కాయలు. ఒకటి, ఇంకొకటి, తరవాత ఎవరో మెట్ల మీంచి పరుగెత్తి దిగుతున్నట్టు వరసగా. సెరింబెత్ రాలిన కాయ ఒకటి తీసి, కమిలిన చోట బొటనవేలు పెట్టి చూశాడు. ఇంటివైపు నడిచాడు. కంషాత్ ఆ నడకని చూసింది. తోట పోయిందని ఆ వీపు అప్పుడే ఒప్పేసుకుంది.

ఆమె తలగుడ్డ బిగించింది. వచ్చి ఒర్దబెక్ ముందు వంగి నిలబడింది.

"మామగారూ, తప్పయిపోయింది. మిమ్మల్ని గేటు దగ్గర కూర్చోబెట్టాం."

"ఆఁ?"

"ఇంట్లో మీరెక్కడ కూర్చుంటారు?"

"ఇంకెక్కడ, తోర్‌లో. గుమ్మానికి ఎదురుగా, అందరికంటే పైన."

"మరి తోటకి తోర్ ఏది? చూడండి, ఆ ఎగువ కొసని ఉన్న ముసలి చెట్టు. మీ అన్నగారు అంటు కట్టింది. అక్కణ్ణుంచి తోటంతా మీ కాళ్ళ కిందే. గుమ్మం దగ్గర మనిషిని కూర్చోబెట్టినట్టు మిమ్మల్నిక్కడ కూర్చోబెడితే రేపు ఊళ్ళో నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

దామెలికి అర్థమైంది, చెంపలు వాయించుకుంది. "అయ్యో, ఎంత సిగ్గు! ఎంత సిగ్గు!"

ఒర్దబెక్ ముసలి చెట్టుకేసి చూశాడు. ఎత్తు చూసి మొహంలో భయం, గౌరవం చూసి మొహంలో వెలుగు. కాసేపు రెండూ పెనుగులాడాయి. వెలుగే గెలిచింది.

ఎర్కిన్ కింద నుంచి భుజంతో ఎత్తాడు. నిచ్చెన మూలిగింది. పంగ కొమ్మలో గొర్రెతోలు వేసి ఆయన్ని దాని మీద ప్రతిష్ఠించారు. ఆయన బొమ్మలా సర్దుకుని కూర్చుని, దీవించడానికి అరచేతులు చాచబోయి, చటుక్కున కొమ్మని కావిలించుకున్నాడు.

నిచ్చెన మెల్లిగా పక్క చెట్టుకి నడిచింది.

ఆ తరవాత తోట నిండా తలగుడ్డలు పూశాయి. ఎర్రవి, పసుపువి, కొమ్మకొకటి. అందరూ పైనే, అందరూ మామగారి బూట్ల కిందే. మర్యాద ఈకంత కూడా చెదరలేదు. అరచేతులు లేచాయి, తిరిగాయి, కాయలు తొడిమలతో సహా పెట్టెల్లోకి దిగాయి.

"కోడలా! చెట్టు ఊగుతోంది!"

"మిమ్మల్ని జోకొడుతోంది మామగారూ!"

"నన్ను దింపు!"

"మీరు దిగితే మేమంతా దిగాలి కదా. మా కాళ్ళు మీ నెత్తిన పెట్టమంటారా?"

గాలి ఒక కాయని తెచ్చి ఆయన ముక్కుకి కొట్టింది. ఒర్దబెక్ కోపంగా దాన్ని పట్టుకున్నాడు. పారేద్దామంటే చెయ్యి వదలడానికి భయం. ఒళ్ళో పెట్టుకున్నాడు. కొమ్మకే వేలాడుతూ ఇంకొకటి చెంపకి తగిలింది. దాన్నీ తీశాడు. లాగలేదు, ఎత్తి తిప్పాడు. వేళ్ళకి ఆ మెలిక ఎక్కణ్ణుంచి వచ్చిందో, ఆయనే కాసేపు తన చేతిని వింతగా చూసుకున్నాడు. నిచ్చెన అందని ఆ చిటారు కొమ్మ కాయలు ఒళ్ళో నిండాయి, టోపీలో నిండాయి.

సందెవేళ మంచు మొదలైంది, ముందు ఉప్పులా, తరవాత దూదిలా. చివరి వరసలో సగం నేలపాలైంది. మిగిలిందంతా మాళిగకి చేరింది. సెరింబెత్ లోపలికి దిగి, ఆ వాసనలో చాలాసేపు నిలబడి, పైకొచ్చి అన్నాడు: "తోట ఇవ్వటం లేదని ఆ పట్నం ఆయనకి నువ్వే చెప్పు. నేనైతే నసుగుతాను."

కంషాత్ మంచులో గట్టిగా నవ్వింది. మామగారు అప్పుడు గుర్తొచ్చారు.

దింపేసరికి ఆయన మీసాలు తెల్లబడ్డాయి, మోకాళ్ళు విడిపడటం లేదు. ఆపిల్ టోపీని మాత్రం పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నాడు. దామెలి నోట్లో తలగుడ్డ చెంగు కుక్కుకుంది. కంషాత్ ఆయన చెయ్యి పట్టుకుని గేటుదాకా నడిపించింది. తిడతాడనుకుంది. ఒర్దబెక్ ఆగి, వెనక్కి తిరిగి, ఖాళీ అయిన చెట్లని ఒక్కొక్కటే చూశాడు.

"ఇంతమంది దండగమారి వాళ్ళు," అన్నాడు. "నేను పైన లేకపోతే ఒక్క కాయైనా దిగేదా, కోడలా?"