అక్క నున్నటి అచ్చులు

మా తోడికోడలు పనిలో పడిందంటే పక్కన పిడుగు పడ్డా పలకదు. నేను అక్కా అని పిలుస్తాను. పన్నెండేళ్లుగా పాదాల అచ్చులు చేస్తోంది, నేను చేరి రెండేళ్లే. పాదాల బాధలున్నవాళ్లకు బూటు లోపల పెట్టుకునే సోల్‌లు చేస్తాం. పాదానికి ప్లాస్టర్ అచ్చు తీసి, ప్లాస్టిక్ షీటును ఓవెన్లో మెత్తబరిచి, అచ్చు మీద పరిచి, పైన రబ్బరు కప్పి పంపు వేస్తాం. పంపు గాలి లాగేస్తే షీటు అచ్చుకు అతుక్కుంటుంది. "ఇంతేనా!" అంటాడు మా ఆయన. ఒక్క పూట అచ్చు సానపడితే తెలుస్తుంది ఎంతో.

సానపట్టడంలో అక్కకు అక్కే సాటి. ఈ మధ్య పైన వార్నిష్ కూడా పూస్తోంది. ముఖం చూసుకోవచ్చు అందులో.

అలాంటి అక్క చేతిలో మా దగ్గరికొచ్చే బస్సు కండక్టరుగారి సోల్ మూడుసార్లు చెడింది. ఆయనకు షుగరు, బొటనవేలి కింద పుండు. అరికాలి వంపుకు సోల్ గట్టిగా ఆనితేనే పుండు మీద బరువు తగ్గుతుంది. మా షీటేమో అచ్చు వంపులోకి దిగకుండా పైపైనే ఆగిపోతోంది. నెలాఖరుకు పుండు తగ్గకపోతే వేలు తీసేయాలన్నాడు డాక్టరు.

"పంపు ముసలిదైపోయింది" అని తేల్చేశాడు మా వర్క్‌షాపు ఓనరు. అక్క ఒప్పుకోలేదు. పంపు ఆపి, గాలి ఒత్తిడి చూపే గేజీ ముల్లునే చూస్తూ కూర్చుంది. ముల్లు కదల్లేదు, అంటే లీకు లేదు. ఓవెన్ వేడి పెంచింది, తగ్గించింది. షీటు మందం మార్చింది. ఒక్కోసారి ఒక్కటే మార్చేది. చివరికి నన్ను పిలిచింది.

"ఈసారి అచ్చు నువ్వు చెయ్యి. చెయ్యి మార్చి చూద్దాం."

నా సానపట్టుడు గతుకుల రోడ్డే. వార్నిష్ జోలికే పోలేదు. కానీ షీటు వంపులోకి చక్కగా దిగిపోయింది! నేను గంతేశాను. అక్క ముఖంలో మాత్రం నెత్తురుచుక్క లేదు. రెండు అచ్చులనూ వేళ్లతో తడిమింది.

"నీదాని గరుకులోంచి గాలి బయటికి పోతోంది. నాదాన్ని వార్నిష్ మూసేసింది. అంచులు ముందే అతుక్కుని, వంపులో గాలి చిక్కుకుపోతోంది. పంపుకేం రోగం లేదే. రోగం నా చేతిది."

వార్నిష్ అంతా గీకేసి, గాలి పోయేలా అచ్చుకు పలచటి మేజోడు తొడిగి కొత్త సోల్ చేసింది. కండక్టరుగారు వేసుకుని నాలుగడుగులు నడిచారు.

"మెషీన్ బాగైందామ్మా?"

ఓనరు తలూపబోయాడు. "మెషీన్ ఎప్పుడూ బాగానే ఉందండీ. మూడుసార్లూ తప్పు నాదే" అంది అక్క.

కండక్టరుగారు వంగి తన పాదం వైపు చూసుకున్నారు. "నా కాలే పనికిరాకుండా పోయిందనుకున్నానమ్మా. ఇంట్లోనూ అదే చెప్పాను."

ఆయన గుమ్మం దాటారో లేదో అక్క రిజిస్టరు తీసింది. వార్నిష్ మొదలెట్టాక సోల్ తీసుకున్నవాళ్లు ఇంకా పదకొండు మంది. "ఎవరూ అడగలేదుగా, ఎందుకు నెత్తికెత్తుకోవడం?" అన్నాడు ఓనరు.

"ఎందుకు అడుగుతారండీ? వాళ్లూ తమ కాలిదే తప్పనుకుంటారు" అని ఫోనందుకుంది. నాకైతే అంత ధైర్యం లేదు, ఒప్పుకుంటాను.

నెలాఖరున కండక్టరుగారు ఆస్పత్రి నుంచి నేరుగా వచ్చారు. అక్క పదకొండో మనిషి పాదానికి మళ్లీ అచ్చు తీస్తోంది. "వేలు తియ్యక్కర్లేదన్నారమ్మా!" అన్నారు గుమ్మంలోంచే. చేతులనిండా తడి ప్లాస్టరుతో, కళ్లు తుడుచుకునే వీల్లేక అక్క నావైపు చూసింది. నేనే తుడిచాను.