ముప్పై మూడో పేజీ

నా చిన్నప్పుడు మా తాతయ్యతో పుస్తకాల ప్రదర్శనకు వెళ్లడమంటే నాకు చచ్చేంత విసుగు. తోటి పిల్లలు తాతల వేలు పట్టుకుని జాతరలకు పోయేవారు. నేను మాత్రం ఏటా గ్రంథాలయ వారోత్సవాలు వచ్చాయంటే మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట బస్సులెక్కి తిరగాలి. పోనీ అక్కడ ఆయన చదువుతాడా అంటే అదీ లేదు. బల్లల మీద పరిచిన వాటిలో పాత పుస్తకాలు ఏరి, ఒక్కొక్కటీ ముప్పై మూడో పేజీ దగ్గర తెరిచి చూసి మూసేసేవాడు.

కృష్ణ ఒడ్డున ఉండే మా ఊరు నేను పుట్టకముందే సాగర్ నీళ్లలో మునిగిపోయింది. ఊళ్లోని చిన్న గ్రంథాలయాన్ని చూసుకున్నది తాతయ్యే. ప్రతి పుస్తకానికీ మొదటి పేజీలో ఊరి పేరుతో ఒక ముద్ర వేసేవాడు. ఆ పేజీ చింపి ఎవరైనా కాజేస్తారేమోనని ముప్పై మూడో పేజీలో ఇంకోటి వేసేవాడు. ఊరు ఖాళీ చేసినప్పుడు ఆ పుస్తకాలను లారీకెత్తి చుట్టుపక్కల గ్రంథాలయాలకు పంచేశారు. మొదటి పేజీ మీద కొత్త కాగితం అంటించినా, లోపలి ముద్ర జోలికి ఎవరూ పోయి ఉండరని ఆయన ఆశ. ఇల్లూ పొలమూ నీటిపాలైన మనిషికి ఊరి పేరు ఒక్కసారి కళ్లారా చూడాలని ఉండేది, అంతే.

ఒక ఏడు కోదాడలో దొరికింది. అట్ట ఊడిన ఆ కథల పుస్తకాన్ని నా ఈడు పిల్ల ఒకతి నేల మీద కూర్చుని చదువుకుంటోంది.

"బిడ్డా, జర ఇస్తవా? ఒక్క పేజీ సూసి మళ్ల ఇస్త" అన్నాడు తాతయ్య.

తెరిచాడు. వెలిసిపోయిన ఊదారంగులో మా ఊరి పేరు. దాన్ని బొటనవేలితో తడుముతూ ఏడ్చేశాడు. ఆయన ఏడవడం నేను చూడటం అదే మొదలు. తాతయ్యను ఏటా చూస్తున్నవాడే కాబట్టి అక్కడి లైబ్రేరియన్ దగ్గరికొచ్చి, "తీసుకెళ్లండి పెద్దాయనా, దీన్ని ఇక్కడెవరూ అడగరు" అన్నాడు.

ఆ పిల్ల మాత్రం పుస్తకం మీది నుంచి చూపు తిప్పలేదు. "తాతా, కథ ఇంకా అయిపోలేదు" అంది.

తాతయ్య పుస్తకం ఆమె చేతిలో పెట్టేశాడు. బస్సులో నేను ఊరుకోలేదు. "గది మనూరిది గదా తాతా, ఎందుకిచ్చినవ్?"

"మనూరున్నా గది నా ఇంట్ల ఉండకపోతుండె బిడ్డా. గిట్లనే ఎవరో ఒక పోరి సదువుతుండె."

మరుసటి ఏడు వెళ్తే ఆ పుస్తకం లేదు. కొత్తవి వచ్చాయని చిరిగినవన్నీ చిత్తు కాగితాల వాడికి వేసేశారట. లైబ్రేరియన్ తల దించుకుని చెప్పాడు. తాతయ్య ఆ తర్వాత ఏ ప్రదర్శనకూ గడప దాటలేదు.

ఆ రోజు తెచ్చుకుని ఉంటే ఏం పోయేదని ఆయన మీద నాకు ఇప్పటికీ కోపమే. ఆయన పోయాక ఆ పిచ్చి నాకు పట్టింది. మోకాళ్లు సహకరించకపోయినా సూర్యాపేటలో పుస్తకాల పండుగ అంటే ఆగలేను. పాత పుస్తకం కనబడితే వేళ్లు ముప్పై మూడో పేజీకే పోతాయి. పిల్లలెవరైనా చదువుతున్న పుస్తకాన్ని మాత్రం నోరు తెరిచి అడగలేను, వాళ్లు ముగించేదాకా పక్కన నిలబడతాను. ఒక్కోసారి వాళ్లు ముగించకముందే దుకాణాలు కట్టేస్తారు. ఆ పేజీ చూడకుండానే ఇంటికి వచ్చేస్తాను.