ముళ్లు తీసిన ముక్క

కుడిచేతికి కట్టు కట్టిన రెండోవారంలోనే నాకు ప్రయాణం తప్పలేదు. పొద్దున ఎయిర్‌పోర్టులో శాండ్‌విచ్ కవరు పళ్లతో చింపుకుని, ఎవరూ చూడకుండా గోడవైపు తిరిగి తిన్నాను. మధ్యాహ్నం నెల్లూరు బస్టాండు దగ్గర హోటల్లో భోజనానికి కూర్చున్నా అదే సిగ్గు. ఎడంచేత్తో స్పూను పట్టుకుని పప్పన్నం తింటూ, చేపల పులుసు గిన్నె పక్కకు జరిపేశాను. నెల్లూరులో దిగి పులుసు తినకపోవడం నాకు అదే మొదలు.

ఎదురుగా ఒక నడివయసు ఆమె కూర్చుంది. మైపాడు నుంచి చేపలు తెచ్చి అమ్ముతుందని సర్వరుతో ఆమె మాటల్లో తెలిసింది. అప్పుడే ఆమెకు వేడివేడి అన్నం వడ్డించారు.

"చేప తినవా, నాయనా?"

"తింటానక్కా. ఈ చేత్తో ముళ్లు తీసుకోలేను."

ఆమె లేచి చేతులు కడుక్కుని వచ్చింది. "నేనింకా అన్నంలో చెయ్యి పెట్టలా. ఎంగిలి కాదులే," అంటూ నా గిన్నె తనవైపు లాక్కుంది. బొటనవేలు ఒక్కసారి నడిపేసరికి ముక్క రెండుగా విడిపోయింది. సన్నముళ్లు కూడా వేళ్లతో తడిమి ఏరేసి, గిన్నె నా ముందు పెట్టింది.

"థాంక్స్ అక్కా" అన్నాను.

"తిను, చల్లారిపోద్ది," అంది.

చల్లారిపోయింది ఆమె అన్నం.

నా చెయ్యి ఎప్పుడో బాగైంది. ఇప్పటికీ ఏ ఊరి హోటల్లో కూర్చున్నా, అన్నంలో చెయ్యి పెట్టేముందు ఒకసారి ఎదుటిమనిషి కంచం వైపు చూస్తాను.