ఎడమచేతికి నచ్చని ల్యాప్‌టాప్

టైపు అక్క అని పేరుపడ్డ ఆవిడకి యాభై రెండేళ్లు. అందులో ఇరవై తొమ్మిదేళ్లు ఒకే గదిలో, ఒకే కుర్చీలో, ఒకే టైపు మిషను ముందు గడిచిపోయాయి. కోర్టు పక్కనున్న ఆ గది ప్లీడరు గారిది, కుర్చీ కూడా ఆయనదే, మిషను మాత్రం ఆవిడ సొంతం. కాగితం వంక చూడదు, మీటల వంక అసలే చూడదు. కిటికీ అవతల ఎవరి స్కూటరు ఎక్కడ ఆగిందో చూసుకుంటూ పేజీకి ఒక్క తప్పు లేకుండా కొట్టి పడేస్తుంది. ఆ టకటక వినిపిస్తే కోర్టు మెట్ల మీద కూర్చున్నవాళ్లు పది గంటలైందని లేచేవారు.

అలాంటి మనిషిని ఒక శుక్రవారం సాయంత్రం ప్లీడరు గారు పిలిచి, మెడ నిమురుకుంటూ విషయం చెప్పాడు.

"ఇకమీదట కోర్టువాళ్లు టైపు కాగితాలు తీసుకోరటమ్మా. అన్నీ కంప్యూటర్లోంచే పంపాలి. మీరు కొట్టిందే మళ్లీ జూనియరు చేత కొట్టించాల్సి వస్తోంది. ఒక పనికి ఇద్దరెందుకు చెప్పండి? ఏదైనా చిన్న ల్యాప్‌టాప్ చూసుకోండి. వచ్చే శుక్రవారం ఒక పిటిషను చెబుతాను. దాని మీద కొట్టగలిగితే ఆ కుర్చీ మీదే. లేదంటే... చూద్దాం."

మంచివాడే పాపం, అందుకే ఆ ముక్క గోడ వంక చూస్తూ చెప్పాడు. కానీ ఓడిపోయే కేసులవాళ్లని ఆయన ఇరవై తొమ్మిదేళ్లుగా ఆ "చూద్దాం" తోనే సాగనంపడం ఆవిడ చూస్తూనే ఉంది. ఇంట్లో భర్త దర్జీ. రెండు కళ్లకీ శుక్లాలు ముదిరి, సూదిలో దారం ఎక్కించలేక కుట్టు మిషను మీద గుడ్డ కప్పేసి ఏడాది దాటింది. కూతురు కాలేజీలో చివరి ఏడు. ఆ కుర్చీ పోతే ముగ్గురూ రోడ్డున పడ్డట్టే.

శనివారం పొద్దున్నే తల్లీకూతుళ్లు దుకాణానికి వెళ్లారు. దుకాణదారు ఉన్నవాటిలో చవకైనదీ, చిన్నదీ తీసి బల్ల మీద పెట్టాడు.

"మీ పనికి ఇంతకన్నా పెద్దది దండగ అక్కా. బరువు కిలో కూడా లేదు. కూరల సంచిలో వేసుకున్నా ఉన్నట్టే తెలీదు. ఏడు రోజులు వాడి చూడండి, నచ్చకపోతే తెచ్చిచ్చేయండి. గీత పడకుండా చూసుకోండి, చాలు."

చేత్తో ఎత్తి చూసింది. నిజమే, అన్నం డబ్బా ఇంతకన్నా బరువు. తన టైపు మిషనుని ఇద్దరు మగాళ్లు కలిసి మోస్తే గాని మెట్లెక్కేది కాదు. ఇంత తేలిక వస్తువు ఏం పని చేస్తుందని ఆవిడకి అప్పుడే అనుమానం.

కూతురు పద్ధతి గల పిల్ల. ల్యాప్‌టాప్ ఇంటికి తెచ్చాక ఒక నోటుబుక్కు తీసి, పేజీ మధ్యలో గీత గీసి, ఒక పక్క మంచి, ఒక పక్క చెడు అని రాసింది. బ్యాటరీ పది గంటలు వస్తుందన్నాడు, ఆరున్నర వచ్చింది. ఫర్వాలేదు, కోర్టు పనికి సరిపోతుంది. అక్షరాలు చీమల్లా ఉన్నాయంటే పెద్దవి చేసింది. అరచెయ్యి మీటల కిందున్న టచ్‌ప్యాడ్ పలకకి తగిలినప్పుడల్లా మూడో పేరాలో మాట మొదటి పేరాలోకి పోయి కూర్చునేది, ఆ పలకని పని చెయ్యకుండా ఆపేసింది. నాలుగు పనులు ఒకేసారి చెబితే ల్యాప్‌టాప్ ఆయాసపడుతోంది, అమ్మకి ఒక్క పనే కదా అని అది మంచి పక్కనే రాసేసింది.

రెండు సంగతులు మాత్రం ఏ పక్క రాయాలో ఆ పిల్లకి తోచలేదు.

మొదటిది చప్పుడు. మీట నొక్కితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. అక్షరం పడిందో లేదో చెవికి తెలియక టైపు అక్క ప్రతి మాటకీ తెర వంక చూడటం మొదలుపెట్టింది. చూస్తే వేళ్లు తడబడతాయి, తడబడితే మళ్లీ చూడాలి. మొన్నటిదాకా గుక్క తిప్పుకోకుండా కొట్టిన మనిషి, బడిలో కొత్తగా చేరిన పిల్లలా ఒక్కో అక్షరం వెతుక్కుంటోంది. నా రాత ఇలా తగలడింది అని నుదురు కొట్టుకుంది.

రెండోది ఎడమచెయ్యి. టైపు మిషనులో వరస అయ్యేసరికి టింగుమని గంట మోగుతుంది, ఎడమచెయ్యి పైకి లేచి పిడిని కుడివైపుకి ఒక్క తోపు తోస్తుంది, కొత్త వరస మొదలు. ఇరవై తొమ్మిదేళ్లలో ఎన్ని లక్షలసార్లు తోసిందో ఆ చెయ్యి! ఇప్పుడు గంటా లేదు, పిడీ లేదు. చేతికి ఆ కబురు ఎవరూ చెప్పలేదు. ఆదివారం మధ్యాహ్నం వేగం అందుకోగానే అది దాని మానాన అది లేచి, తెర మూలని ఫెడీమని తోసింది. కిలో బరువు లేని వస్తువు, బల్ల మీంచి ఎగిరి మంచం మీది దిండులో పడింది. దిండు ఉంది కాబట్టి సరిపోయింది.

"అమ్మా! పగిలితే వాడు వెనక్కి తీసుకోడు!"

"నేను తొయ్యలేదే! అదే తోసింది!" అంటూ చేతిని ఎవరిదో పరాయి చెయ్యిలా చూసుకుంది.

సోమవారం రెండుసార్లు, మంగళవారం మూడుసార్లు. పగలంతా ప్లీడరు గారి గదిలో పాత మిషను మీద ఉన్న పని పూర్తి చెయ్యడం, అక్కడ చెయ్యి పాత పాఠమే మళ్లీ దిద్దుకోవడం, ఇంటికొచ్చాక దాన్ని మరిపించలేక ఏడవడం. బుధవారానికి ఆవిడకి ముద్ద దిగలేదు. "నావల్ల కాదండీ, చెయ్యి నరుక్కోవాలి" అని భర్త ముందు చతికిలబడింది.

ఆయన తడుముకుంటూ వెళ్లి దర్జీ పెట్టె తెరిచి, వెడల్పాటి నాడా ఒకటి తీసి, ఆవిడ ఎడమ మణికట్టుకి ఒక కొస, బల్ల కోడుకి ఒక కొస కట్టాడు. మీటల దాకా అందుతుంది, తెర దాకా లేవదు.

"నీ చెయ్యి పొడుగెంతో నాకు తెలీదా? ఎన్ని జాకెట్లు కుట్టాను! ఇప్పుడు కొట్టు" అన్నాడు.

గురువారం నాలుగు పేజీలు కొట్టింది. నాడా పదిసార్లు బిగిసింది గాని తెర కదల్లేదు. వేగం సగమే. అయినా కొంచెం ఆశ పుట్టింది.

శుక్రవారం నాడాని చేతిసంచిలో పెట్టుకునే వెళ్లింది. తీరా గదిలో ప్లీడరు గారు, ఆయన పక్కన పాతికేళ్లు నిండని జూనియరు అమ్మాయి, గుమ్మంలో ఇద్దరు కక్షిదారులు. అందరి ముందూ తన చేతిని బల్లకి కట్టేసుకోవడానికి ముఖం చెల్లలేదు. ఒక్క గంట ఓర్చుకోవే తల్లీ అని ఎడమచేతిని మనసులోనే బతిమాలుకుని కూర్చుంది.

పిటిషను ఒక రాత్రి కాపలాదారుది. ప్లీడరు గారు నడుస్తూ చెబుతున్నాడు. మొదటి పేజీ పళ్ల బిగువున, తెర చూసుకుంటూ, వెనకబడుతూ లాక్కొచ్చింది. ఆయన రెండుసార్లు ఆగాల్సి వచ్చింది. జూనియరు జాలిగా చూసింది. ఆ జాలి చూపుకి ఒళ్లు చచ్చిపోయినట్టైంది.

"ఇరవై ఆరేళ్లు ఒక్క రోజు కూడా ఆలస్యంగా రాని నన్ను, ఇక అవసరం లేదని ఒక్క మాటతో..." అని ఆయన అందుకున్నాడు.

ఆ మాటలకి ఆవిడ తనని తాను మరిచిపోయింది. వేళ్లు పరుగందుకున్నాయి. వరస నిండింది. ఎడమచెయ్యి లేచింది.

ల్యాప్‌టాప్ బల్ల అంచు దాటి, గచ్చు మీద మూల ఆనేలా పడింది. మూత కీళ్లు ఊడి వెనక్కి వాలిపోయింది. తెర అడ్డంగా పగిలి నల్లబడింది.

టైపు అక్క కింద కూర్చుండిపోయింది. కుర్చీ పోయింది, వస్తువు పోయింది, వెనక్కి ఇచ్చే దారి కూడా పోయింది. ఏడుపు కూడా రాలేదు.

"పోనీలెండమ్మా" అన్నాడు ప్లీడరు గారు మెల్లగా. "మిగతాది అమ్మాయి కొడుతుంది. మీ సంగతి చూద్దాం."

ఆ మాట చెవిన పడేసరికి తల ఎత్తింది. పక్కన పడి ఉన్న ల్యాప్‌టాప్ అంచున చిన్న తెల్ల దీపం ఇంకా వెలుగుతోంది. తీసి బల్ల మీద పెట్టుకుంది. మూత బల్ల మీద వెల్లకిలా పడుకుంది.

"ఆపకండి సార్, చెప్పండి."

"తెర పోయింది కదమ్మా! ఏం కనిపిస్తుంది?"

"టైపు కొట్టేటప్పుడు నేను కాగితం చూడగా మీరెప్పుడైనా చూశారా సార్?"

ఆయన వదిలిన చోట అందుకున్నాడు. ఆవిడ కిటికీ వంక తిరిగింది. చూడటానికి తెర లేదు కాబట్టి చూడలేదు. వరస నిండినప్పుడల్లా ఎడమచెయ్యి లేచి గాలిని తోసి వచ్చింది, అడ్డంగా నిలబడ్డది ఏదీ లేదు. ఆయన వేగం పెంచాడు, ఆవిడ పెంచింది. ఆఖరి వాక్యం చెప్పి ఆయన ఊపిరి పీల్చుకునేలోపే చేతులు తీసేసింది. కళ్ల నీళ్లు మెడ దాకా కారుతున్నాయి.

జూనియరు ఆ ల్యాప్‌టాప్ నుంచి తన బల్ల మీది పెద్ద తెరకి తీగ తగిలించింది. మూడు పేజీలు. రెండో పేజీ మధ్యలో, కింద పడ్డప్పుడు నొక్కుకుపోయిన అర్థంలేని అక్షరాల వరస ఒకటి ఉంది. ప్లీడరు గారు చివరిదాకా చదివాడు.

"ఆ ఒక్క వరస తీసెయ్యండి. తక్కినదాంట్లో తప్పు లేదు" అన్నాడు. గొంతు సవరించుకుని, "సోమవారం కాస్త తొందరగా రండమ్మా, పని చాలా ఉంది" అన్నాడు.

ఇంటికొచ్చేసరికి దుకాణదారు ఫోను. కూతురు పగిలిన మూత చూసి నోరు వెళ్లబెట్టి నిలబడింది.

"ఏడు రోజులైంది అక్కా, ఎలా ఉంది? ఉంచుకుంటారా?"

"బాగుంది బాబూ, ఉంచుకుంటాను. మూత ఒక్కటే అడ్డమొచ్చింది."

ఫోను పెట్టేశాక, చేతిసంచిలోంచి ఆ నాడాని ఎడమచేత్తో తీసి బల్ల మీద పెట్టింది. భర్త తడుముకుంటూ వచ్చి ఆ చేతిని తన చేతుల్లోకి తీసుకున్నాడు.